సందల్ సుర్ఖ్: చెట్టు మనది, హునర్ ఎవరిది?

ఎర్రచందనం అంటే ఇవాళ మన పిల్లలకు మొదట గుర్తొచ్చేది 'పుష్ప' సినిమా. పెద్దలకు గుర్తొచ్చేది అఖ్బార్‌లో వచ్చే ఖబర్: ఫలానా చెక్‌పోస్టు దగ్గర లారీ పట్టుబడింది, ఇన్ని దుంగలు, ఇన్ని కోట్లు. ఈ రెండూ రాకముందు ఈ చెక్కకు మన ఇళ్ళల్లో వేరే పేరు ఉండేది. సందల్ సుర్ఖ్. హకీం సాబ్ నుస్ఖాలో రాసే పేరు, అత్తార్ దుకాణంలో పొట్లం మీద రాసే పేరు. సుర్ఖ్ అంటే ఎరుపు. సందల్ అనే మాట అరబీలోంచి మనకొచ్చింది గానీ, అరబీకి అది ఫార్సీ మీదుగా వెళ్ళింది మన చందనం నుంచే. అంటే మాట కూడా ఇక్కడి నుంచే సఫర్ మొదలుపెట్టి, దునియా తిరిగి, కొత్త లిబాస్‌లో మళ్ళీ మన గడపకు వచ్చింది. చెక్క మాత్రం వెళ్ళిందే గానీ తిరిగి రాలేదు. ఈ వ్యాసం దాని గురించే.

ముందుగా ఒక గలత్‌ఫహ్మీ తీర్చుకుందాం. కడప అమీన్ పీర్ దర్గాలో, ఏఎస్ పేట దర్గాలో ఉర్సు రోజు ఊరేగించే గంధం వేరు. అది సందల్ సఫేద్, మంచిగంధం. దానికి ఖుష్బూ ఉంది. ఎర్రచందనానికి ఖుష్బూ లేదు. రెండూ వేరు వేరు జాతుల చెట్లు, పేరులో మాత్రమే చుట్టాలు. మంచిగంధం విలువ దాని నూనెలో ఉంటే, ఎర్రచందనం విలువ దాని రంగులో, గట్టితనంలో ఉంది. అందుకే ఇది అత్తరు పనికి రాదు. వడ్రంగి పనికి, అద్దకం పనికి, దవాకు వస్తుంది.

మాది గోనెగండ్ల. ఎమ్మిగనూరు పక్క, హంద్రీ నది ఒడ్డున, గాజులదిన్నె ప్రాజెక్టు దగ్గర. కర్నూలు జిల్లా పడమటి భాగమంతా నల్లరేగడి, రాయి. మాకు పత్తి తెలుసు, వేరుశనగ తెలుసు, ఎమ్మిగనూరు మగ్గం తెలుసు. అడవి తెలియదు. ఆదోనిలో సిద్ది మసూద్ ఖాన్ జమానాలో, 17వ శతాబ్దంలో కట్టిన షాహీ జామియా మసీదు చూడండి. అందులో అందమంతా రాతిదే. మా తరఫున వడ్రంగి చేతికి దొరికేది నల్లతుమ్మ, వేప. బండి చక్రానికి తుమ్మ, దర్వాజాకు వేప. ఎర్ర చెక్క మా దగ్గర పెరగదు. అది తూర్పు కొండల సరుకు. అయినా మా నానీ దవాల డబ్బాలో అరచేతిలో పట్టేంత ముక్క ఒకటి ఉండేది. రాయి మీద అర్ఖె గులాబ్ రెండు చుక్కలు వేసి, దాన్ని అరగదీసి, తలనొప్పికి నుదుటి మీద, వాపు వస్తే వాపు మీద లేపనం పెట్టేది. యునానీలో దీని మిజాజ్ సర్ద్, ఖుష్క్. అంటే చల్లబరిచేది, ఆరబెట్టేది. వాపుల మీద జిమాద్‌గా, అంటే పట్టుగా వేయడం పాత రివాజ్. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ పేరు మీద యునానీ మెడికల్ కాలేజీ ఉంది. అక్కడ చదువుకునే పిల్లలు ఇప్పటికీ ఈ పేరును పాఠంగానే చదువుతారు. వాళ్ళలో ఎంతమంది ఆ చెట్టును కళ్ళారా చూసి ఉంటారని నాకు ఎప్పుడూ అనుమానమే.

చెట్టు కథకు వద్దాం. దీని శాస్త్రీయ నామం టెరోకార్పస్ శాంటలైనస్. టెరోకార్పస్ అంటే రెక్క ఉన్న కాయ. కాయ గుండ్రంగా, చుట్టూ పల్చటి రెక్కతో, గాలికి ఎగిరేలా ఉంటుంది. ప్రపంచం మొత్తం మీద ఇది సహజంగా పెరిగే జాగా చాలా చిన్నది. తూర్పు కనుమల దక్షిణ భాగం: శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలికొండలు, నల్లమల దక్షిణపు అంచు. పాత జిల్లాల లెక్కన కడప, చిత్తూరు, నెల్లూరు, ప్రకాశం, కర్నూలు. తమిళనాడు సరిహద్దులో కొంచెం. అంతే. మిగతా చెట్లు బతకలేని రాతి నేల, తక్కువ వాన, మండే ఎండ. ఆ కష్టమే దీని దౌలత్. నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టే చెక్క అంత బిగువుగా వస్తుంది. పైన తెల్లటి పొర ఉంటుంది, దానికి విలువ లేదు. లోపల ఎర్రటి చేవ కట్టడానికి దశాబ్దాలు పడుతుంది. టేకు చెక్క ఒక ఘనపుటడుగు సుమారు 18 కిలోలు తూగితే, ఎండిన ఎర్రచందనం చేవ 30 కిలోలు దాటుతుంది. నీళ్ళలో వేస్తే మునుగుతుంది. చెదలు ముట్టవు. కోసినప్పుడు నారింజ కలిసిన ఎరుపుగా ఉండి, గాలి తగిలేకొద్దీ ముదిరి, ఏళ్ళు గడిచాక దాదాపు నల్లబారిన ఊదా రంగుకు వస్తుంది.

ఇలాంటి చెక్కతో పని చేయడం ఆసాన్ కాదు. నారలు ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి. ఒక దిక్కున చిత్రిక పడితే నున్నగా వస్తుంది, అదే పట్టులో రెండు అంగుళాలు దాటగానే పెళ్ళ లేస్తుంది. రంపం పదును తొందరగా పోతుంది. పని తెలిసిన మేస్త్రీ బలం పెట్టడు, సబ్ర్ పెడతాడు. కొంచెం కొంచెంగా తీస్తాడు, మాటిమాటికీ పదును పెడతాడు. దానికి ఇనామ్ కూడా ఉంది: ఇది వార్నిష్ అడగదు. నున్నగా తీసి గుడ్డతో రుద్దితే చెక్క తనంతట తానే మెరుస్తుంది. మా ఉర్దూ మీడియం బడిలో నేర్చుకున్న మాటలు, డిగ్రీలో తెలుగు చదివినప్పుడు నేర్చిన మాటలు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు సంబరంగా ఉంటుంది. రంపం, ఆరీ. చిత్రిక, రందా. బాడిశ, బసూలా. ఉలి, రుఖానీ. తరిమెన, ఖరాద్. ఒకే చేతి పనికి రెండు జబాన్లలో పూర్తి పదకోశం ఉందంటే, ఆ పని రెండు కౌముల ఇళ్ళల్లోనూ జరిగిందనే కదా అర్థం.

కొండల కింద పల్లెల్లో ఒకప్పుడు ఈ చెక్క ఖరీదైన వస్తువు కాదు, ఇంటి వస్తువు. కొట్టానికి గుంజలు, ఇంటికి స్తంభాలు, నాగలి, తోట చుట్టూ పాతే కూసాలు. చెదలు పట్టని కర్ర కాబట్టి తాత పాతిన గుంజ మనవడి కాలానికీ నిలిచేది. రెండోది బొమ్మలు. తిరుపతిలో యాత్రికులు కొనుక్కెళ్ళే ఆడ, మగ జంట బొమ్మలు ఈ చెక్కవే. తమిళ ఇళ్ళల్లో వాటిని మరపాచి అంటారు, పెళ్ళిలో కూతురికి ఇస్తారు, దసరా కొలువులో పెడతారు. పసిపిల్ల బొమ్మను నోట్లో పెట్టుకున్నా భయం లేదు, అది దవా చెక్కే కదా అని పెద్దవాళ్ళ నమ్మకం. రైల్వే కోడూరు దగ్గర శెట్టిగుంట కొయ్యబొమ్మలకు పేరున్న పల్లె. శ్రీకాళహస్తి దగ్గర మాధవమాల కొయ్య శిల్పాల ఊరు. ఇవన్నీ చెట్టు నీడలో పుట్టిన హునర్లు. చెట్టు పక్కన ఉంది కాబట్టి చెయ్యి నేర్చింది.

ఇక సముద్రం దాటిన కథ. మధ్యయుగాల నుంచే యూరప్‌లో ఈ చెక్కపొడిని వంటల్లో రంగు కోసం, ఉన్ని అద్దకం కోసం వాడారు. దీని రంగు నీళ్ళలో కరగదు, సారాయిలో కరుగుతుంది. అందుకే అద్దకం వాళ్ళు దీన్ని తురిమి, పొడి చేసి, గంటల తరబడి మరిగించాల్సి వచ్చేది. కోరమాండల్ రేవుల నుంచి ఈస్టిండియా కంపెనీ ఓడల్లో ఎర్ర చెక్క దుంగలు లండన్‌కు వెళ్ళేవి. అక్కడ వాళ్ళకు కావలసింది చెక్క కాదు, అందులోని రంగు. 1856లో విలియం పెర్కిన్ అనే కుర్రాడు లండన్‌లో తారు నుంచి మొదటి రసాయన రంగు తీశాడు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లోనే చెట్ల రంగుల తిజారత్ కూలిపోయింది. నీలిమందుకు పట్టిన గతే దీనికీ పట్టింది.

అదే రోజుల్లో మన దగ్గర ఇంకో మార్పు వచ్చింది. రైలు. మద్రాసు నుంచి రేణిగుంట, కోడూరు, కడప, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా రాయచూరుకు పోయే దారి 1871కి పూర్తయింది. ఎర్రచందనం కొండల్నీ మా పత్తి మార్కెట్టునూ ఒకే పట్టాల మీద కలిపింది ఆ దారే. మొదట్లో ఇంజన్లు బొగ్గుతో పాటు కట్టెలు కూడా తినేవి, మద్రాసు ప్రెసిడెన్సీ అడవుల మీద ఆ భారం పడింది. చెట్లు తరిగిపోతున్నాయని సర్కారుకు భయం పుట్టి, 1860ల దశకంలోనే కోడూరు దగ్గర ఎర్రచందనం తోటలు నాటించింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. కొండ రిజర్వు అడవి అయింది. అప్పటిదాకా గుంజ కావాలంటే గొడ్డలి భుజాన వేసుకుని వెళ్ళిన రైతుకు, ఆ రోజు నుంచి ఇజాజత్ కావలసి వచ్చింది. అడవిని కాపాడాలన్న ఇరాదా తప్పని నేను అనను. కాపాడకపోతే ఇవాళ ఆ చెట్టే మిగిలేది కాదేమో. కానీ చెట్టుకూ పల్లెకూ మధ్య మొదటి గోడ అక్కడే లేచింది.

రంగు పని పోయినా చెక్క పని మిగిలింది. దాన్ని గుర్తించింది మనం కాదు, జపాన్. అక్కడ షామిసెన్ అనే మూడు తీగల సాజ్ ఉంది. చైనాలోని సాన్‌షియాన్ నుంచి ర్యూక్యూ దీవుల మీదుగా 16వ శతాబ్దంలో జపాన్ చేరింది. సాన్‌షియాన్ అంటే మూడు తీగలు. ఫార్సీలో సెహ్‌తార్ అన్నా అదే మానీ. షామిసెన్ మెడకు మెట్లు ఉండవు. తీగను వేలితో నేరుగా చెక్క మీదకే నొక్కాలి. మామూలు చెక్కయితే తొందరగా గుంటలు పడి స్వరం చెడుతుంది. అందుకని ఎన్నో చెక్కలు పరీక్షించి, అన్నింటికన్నా మేలైనదిగా వాళ్ళు ఎంచుకున్నది కోకి. అదే మన ఎర్రచందనం. ముదిరిన దుంగల్లో కొన్నిటికి నీటి అలల్లాంటి చార వస్తుంది. వాళ్ళు దానికి ప్రత్యేకంగా తోచి అని పేరు పెట్టుకున్నారు, ఆ అల ఉన్న మెడకు ధర ఎన్నో రెట్లు. మన కొండ మీద చెట్టులోని ఒక చారకు పరాయి దేశంలో పేరుంది. మన రెండు జబాన్లలో ఆ చారకు నేను విన్న మాట ఏదీ లేదు.

చైనాలో దీన్ని జితాన్ అంటారు. ఛింగ్ బాద్‌షాల కాలంలో మహలు కుర్చీలు, తెరలు, పెట్టెలు దీనితో చేశారు. 2000లో చైనా ప్రభుత్వం ఎర్రచెక్క ఫర్నిచరుకు ప్రమాణాలు రాసినప్పుడు, జితాన్ అనే వర్గం కింద ఒకే ఒక్క జాతిని పెట్టింది, ఈ చెట్టునే. బీజింగ్‌లో 1999లో ఎర్రచందనానికి ఏకంగా ఒక మ్యూజియమే తెరిచారు. దునియాలో ఎక్కడా పెరగని చెట్టు మన దగ్గర పెరుగుతుంది. మ్యూజియం అక్కడ ఉంది.

ఇప్పుడు మన వైపు ఏమయిందో చూడండి. 1969లో ఎర్రచందనం, మంచిగంధం రవాణాకు రాష్ట్రం ప్రత్యేక నియమాలు తెచ్చింది. 1995లో సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం రెండో జాబితాలో ఈ చెట్టును చేర్చారు. అడవి దుంగల ఎగుమతి మీద నిషేధం వచ్చింది. నిషేధం గట్టిపడేకొద్దీ బయట ధర పెరిగింది, ధర పెరిగేకొద్దీ స్మగ్లింగ్ పెరిగింది. 2013 డిసెంబరులో శేషాచలం అడవిలో ఇద్దరు అటవీ అధికారులను దుంగల దొంగలు చంపేశారు. 2015 ఏప్రిల్ 7న అదే అడవిలో టాస్క్‌ఫోర్సు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడు కొండ పల్లెల నుంచి వచ్చిన కూలీలు. దుంగ మీద కోట్లు సంపాదించినవాడు ఆ రోజు అడవిలో లేడు. 2016లో చట్టం సవరించి శిక్షలు పెంచారు. పట్టుబడిన దుంగలు గోదాముల్లో గుట్టలుగా పేరుకున్నాయి. 8 వేల టన్నులకు పైగా ఎగుమతి చేసుకోవడానికి కేంద్రం రాష్ట్రానికి అనుమతి ఇస్తే, 2014 నుంచి అంతర్జాతీయ ఈ-వేలాలు మొదలయ్యాయి. దుంగలు టన్నుల లెక్కన అమ్ముడుపోయాయి.

ఈ మొత్తం తారీఖ్‌లో ఒక మనిషి కనబడడు. ఉలి పట్టుకున్న మనిషి. కొండ కింద పల్లె వాడికి ఇవాళ ఆ చెట్టుతో ఉన్న రిష్తా మూడే రకాలు: అడవి గార్డు, దుంగ మోసే కూలీ, పట్టుబడితే ముల్జిమ్. నాలుగోది, కారీగర్, దాదాపు చెరిగిపోయింది. టన్నుల లెక్కన వేలం పాట పాడే కంపెనీతో బొమ్మలు చెక్కే మేస్త్రీ పోటీ పడగలడా? అతనికి కావలసింది టన్ను కాదు. మూర పొడవు ముక్క, దానికి ఒక సరైన రసీదు. ఆ రసీదు సులువుగా దొరకదు కాబట్టి చాలామంది వేరే చెక్కలకు మారిపోయారు. చెయ్యి ఉంది గానీ, ఆ చెయ్యికి పని నేర్పిన చెక్క లేదు. ఒక తరం మారితే ఆ సబ్ర్, ఆ పదును, నార ఎటు తిరుగుతుందో వేలితో తడిమి చెప్పే ఆ ఇల్మ్ పోతుంది. అది ఏ కితాబులోనూ రాసి లేదు. ఒకసారి పోతే, చెట్టు మళ్ళీ పెరిగినా అది తిరిగి రాదు.

ఇలా కావడం తప్పదా అంటే, అదే వెలికొండల పక్కన ఇంకో ఊరుంది. నెల్లూరు జిల్లా ఉదయగిరి. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం అది. ఆ తర్వాత గోల్కొండ కుతుబ్‌షాహీల కిందికి వచ్చింది. కొండ మీద పాత మసీదు, ఫార్సీ శాసనాలు ఉన్నాయి. ఆ కొండ కింద మన ముస్లిం ఖాందాన్లు తరాలుగా చెక్కతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు, దువ్వెనలు, పళ్ళేలు చేస్తున్నారు. పిడుల మీద జాలీ పని, ఆకులు, తీగలు, చేపలు. అది ఫార్సీ నక్షీ బాణీ. పని చేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. వాళ్ళు వాడే చెక్కలు నార్ది, బిక్కి, కల్ది, దేవదారి. పేర్లు చాలామంది వినే ఉండరు. బిక్కి అంటే అడవి గార్డీనియా జాతి చిన్న చెట్టు. నార సన్నగా, చెక్క లేత పసుపుగా, చెక్కడానికి వీలుగా ఉంటుంది. దువ్వెనలకు పేరున్నది. ఆ చెట్టు కోసం ఎవరూ లారీలు పెట్టరు, ఎవరూ కాల్చుకోరు. అందుకే ఆ పని బతికింది. ఉదయగిరి చెక్క సామానుకు జీఐ గుర్తింపు కూడా వచ్చింది.

కానీ ఇక్కడొక విషయం ఆలోచించాలి. జీఐ కాపాడేది పేరును. ఉదయగిరి అనే పేరు పెట్టి ఇంకెవరూ అమ్మకూడదు, అంతే. ఆ కాగితం బిక్కి చెట్టును నాటదు. కొండ మీద చిన్న చెట్లు పల్చబడితే, ఇంకా లోపలికి, ఇంకా పైకి వెళ్ళి కర్ర తెచ్చుకోవాలి. ఎర్రచందనం విషయంలో చెట్టును కాపాడి చేతిని మర్చిపోయాం. ఉదయగిరిలో చేతికి సర్టిఫికెట్ ఇచ్చి చెట్టును మర్చిపోతున్నామేమో. రెండూ ఒకే రిష్తాకు రెండు కొసలు. ఒక కొసను పట్టుకుని రెండోది వదిలేస్తే ఏదీ మిగలదు.

దారి లేకపోలేదు. ఎర్రచందనం ఇవాళ అడవిలోనే కాదు, రైతుల పట్టా భూముల్లో కూడా పెరుగుతోంది. తోటల్లో పెంచిన చెక్క ఎగుమతికి 2019లో కేంద్రం నియమాలు సడలించింది. ఈ చెట్టు వ్యాపారం విషయంలో 2004 నుంచి మన దేశం మీద ఉన్న ప్రత్యేక సమీక్షను సైటిస్ 2023 నవంబరులో ఎత్తేసింది. రైతుకు ఇది ఖుష్‌ఖబరీ. ఇందులో కారీగర్‌కూ ఒక హిస్సా అడగాలి. వేలంలో టన్నులు పోతుంటే, విరిగిన ముక్కలు, కొసలు, వంకర కొమ్మలు కొండ కింద మేస్త్రీలకు, బొమ్మల పల్లెలకు, యునానీ దవాఖానాలకు రసీదుతో, తగిన ధరకు పక్కన పెట్టాలని అడగాలి. అది ఖైరాత్ కాదు. ఆ కొండల మధ్య బతికి, ఆ చెట్టును గుంజగా, బొమ్మగా, దవాగా తరాల పాటు వాడుతూ కూడా అది అంతరించకుండా మనకు అప్పగించిన వాళ్ళ హక్. షామిసెన్ మెడ టోక్యోలో తయారవ్వనీ, ఎవరొద్దన్నారు? ఒక చిన్న గిన్నె, ఒక బొమ్మ, ఒక దువ్వెన కోడూరులో తయారయితే ఆ దుంగల గుట్టకు వచ్చే నష్టమేమీ లేదు.

మన ఖాందాన్ల వరకు ఒక చిన్న గుజారిష్. మీ ఇంట్లో పాత దవాల డబ్బాలో ఎర్ర చెక్క ముక్క ఉంటే దాన్ని పారేయకండి. దాన్ని ఎవరు తెచ్చారు, ఏ ఊరి అత్తార్ దగ్గర కొన్నారు, దేనికి వాడేవారు, మీ దాదీనో నానీనో అడిగి ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఆరీ, రందా పట్టిన చేతులు మీ ఇంట్లో ఉంటే, వాళ్ళు వాడే ప్రతి పనిముట్టు పేరు, ప్రతి చెక్క పేరు, చెక్కలోని ప్రతి చారకు వాళ్ళు పెట్టుకున్న పేరు రాసుకోండి. జపాన్ వాళ్ళు తోచి అన్న ఆ నీటి అల చారకు మన ఏదో పల్లెలో, ఏదో మేస్త్రీ నోట తప్పకుండా ఒక మాట ఉండే ఉంటుంది. అది దొరికితే ముందు నాకు చెప్పండి.

ఖుదా హాఫిజ్.